నన్నేసాహెబు తాత మిద్దె నీళ్లు

తిప్పేరుద్రప్పకు ధ్యానం కుదరడం లేదు. తప్పు ఆయన మనసుది కాదు, మిద్దెది.

నన్నేసాహెబు తాత దగ్గరికి వచ్చి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో మోకాళ్ల నొప్పినీ, దోమలనూ, వీధి మేకల అరుపులనూ, పాత ఆఫీసులో తన పైవాళ్ల మీద మిగిలిపోయిన కోపాన్నీ ఒక్కొక్కటిగా దాటుకుంటూ వచ్చాడు. ఇక కళ్లు మూసుకుంటే చాలు, లోపల ఏదో తలుపు తెరుచుకునేలా ఉంది అనిపించిన రోజున వానొచ్చింది. సరిగ్గా నడినెత్తిన, వెంట్రుకలు లేని చోట, టప్పుమని చుక్క పడింది.

ఆయన పక్కకు జరిగాడు. చుక్కా జరిగింది. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చుక్క గోడ మీదుగా జారి చొక్కాలోకి దిగింది. చివరికి నెత్తి మీద ఇత్తడి చెంబు బోర్లించుకుని కూర్చున్నాడు. చుక్క పడినప్పుడల్లా చెంబు గుడిగంటలా మోగింది. ధ్యానం కుదరలేదు సరికదా, వీధిలో పోయేవాళ్లు తొంగి చూసి పోయారు.

చెంబు తీసి పంచలోకి వచ్చాడు.

"తాతా, మిద్దె ఉరుస్తా ఉంది."

తాత పంచలో కాళ్లు చాపుకుని బొంత కుడుతున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ల ముసలాయన. రాళ్లకొట్టాల ఊళ్లో పాతబడిన చీరలన్నీ చివరికి ఆయన దగ్గరికే వచ్చి బొంతలవుతాయి. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఆయన ముందే కూర్చుంటారు. సూది ఆపకుండా వింటాడు. రెండు మాటలు చెబుతాడు. రెండు ఎక్కువయ్యాయనిపిస్తే ఒకటి తగ్గిస్తాడు. కొందరు ఆయన్ను ఫకీరంటారు, కొందరు గురువంటారు.

"దోనెలు పూడుకోనుంటాయి నాయనా. తోడెయ్," అన్నాడు తాత.

ఆ ఇల్లు చవుడు మట్టి పోసిన పాత మిద్దె. పైన పడిన వాననీళ్లు కిందికి దూకడానికి నాలుగు గోడలకూ నాలుగు చెక్క దోనెలు బయటికి పొడుచుకుని ఉంటాయి. తూర్పు దోనె కరివేపచెట్టు మొదట్లో పోస్తుంది. పడమటి దోనె రాతితొట్టిలో పోస్తుంది. ఉత్తరపు దోనె పెరట్లో గోంగూర మడికి, దక్షిణపు దోనె సందులోకి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు.

దోనెలు తోడడం ఒక పూట పని. కానీ తిప్పేరుద్రప్ప ముప్పై ఏళ్లు కాలువల మీద ఓవర్సీరుగా చేసి వచ్చిన మనిషి. ఎన్నో ఊళ్ల పొలాలకు నీళ్లు పారించినవాడు. అలాంటివాడికి ఒక ముసలాయన, దోనెలో చెయ్యి పెట్టి చెత్త తియ్యమని చెబుతాడా?

నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాడు. చేతిలో వాలు చూసే రసమట్టం ఉంది. దోనెల వైపు వంగి చూడనైనా చూడలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని మిద్దె అంతా ఒకసారి కలియజూశాడు. చూసినకొద్దీ ఆయనకు బాధ కలిగింది.

"ఒక మిద్దెకు నాలుగు దోనెలేంది తాతా?" అన్నాడు పైనుంచే. "ఒక పంచాయతీకి నలుగురు పెద్దమనుషులు ఉన్నట్టు! యా నీళ్లు యాటికి పోవాల్నో నీళ్లకే తెలీదు."

"అదీ నిజమే," అన్నాడు తాత, దారం కొరుకుతూ.

తాత "అదీ నిజమే" అంటే ఒప్పుకున్నట్టు కాదని రుద్రప్పకు రెండేళ్లలో తెలిసి ఉండాల్సింది. తెలియలేదు.

నాలుగు రోజులు పనిచేశాడు. గోడకున్న క్యాలెండరు చించి దాని వెనక మిద్దె పటం గీశాడు. నాలుగు దోనెలకూ లోపలివైపు సిమెంటు పెట్టి మూసేశాడు. మిద్దె మీద కొత్త చవుడు పోసి, పది అడుగులకు అంగుళం చొప్పున, నీళ్లన్నీ నైరుతి మూలకు వచ్చేటట్టు వాలు తీశాడు. ఆ మూల నుంచి జింకు రేకుతో పొడవాటి కాలువ చేయించి, కర్రల మీద నిలబెట్టి, ప్రహరీ గోడ దాటించాడు. రేకు ఎండలో తళతళమంది. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, "ఇదేంది సార్, రైలు వస్తాదా?" అని అడిగారు.

"నీళ్లు వస్తాయి," అన్నాడు రుద్రప్ప గంభీరంగా.

వచ్చాయి. ఆ సీమలో ఏడాదికి పట్టుమని పది వానలు పడవు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. రుద్రప్ప లోపల కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పైన నీళ్లు బుద్ధిగా మూలకు నడిచి, రేకులో పడి, గలగలమంటూ గోడ దాటి పోతున్నాయి. నెత్తిన ఒక్క చుక్క లేదు. మనసు మెల్లగా కుదురుకుంది. ఆహా అనుకున్నాడు. అనుకోకూడదని కూడా అనుకున్నాడు.

అంతలో బయట కేక వినిపించింది.

"నా పొయ్యిలు! ఓరి దేవుడో, నా పొయ్యిలు!"

అది బయటి శబ్దం, చలించకూడదు అనుకున్నాడు రుద్రప్ప. చలించలేదు. కేక ఇంకా పెద్దదైంది. అయినా చలించలేదు. రెండేళ్ల సాధన ఊరికే పోలేదని లోలోపల సంతోషించాడు.

ఎవరో వచ్చి ఆయన ఒళ్లో తడి ముద్దొకటి పడేశారు.

"కళ్లు తెరువు ఓవర్సీరు సామీ," అంది సుంకమ్మ. "నీ బిడ్డను ఎత్తుకో."

తెరిచాడు. ఒళ్లో బురద. దానికి ఒక పక్క మూడు బుడిపెలు ఉన్నాయి. వాటిని బట్టి అది కొద్దిసేపటి కిందట మట్టి పొయ్యి అని తెలుస్తోంది.

సుంకమ్మ ఇల్లు సందుకు అవతల, పల్లంలో ఉంది. చేతులతో మట్టి పొయ్యిలు చేసి ఎండబెట్టి అమ్ముకుంటుంది. ఎనిమిది రోజుల్లో పక్క ఊరి దర్గాలో ఉరుసు. దానికోసం నలభై పొయ్యిలు చేసి వాకిట్లో ఆరబెట్టింది. మబ్బు పట్టగానే టార్పాలిన్ కప్పింది. పైనుంచి పడే వానకు టార్పాలిన్ కప్పగలదు గానీ, గోడ మీదుగా దూకి నేల మీద పారుతూ వచ్చే ఏరుకు ఏం కప్పుతుంది? ముప్పైఒక్క పొయ్యిలు కిందినుంచి కరిగిపోయాయి.

"చూడమ్మా," అన్నాడు రుద్రప్ప, బురద ఒళ్లో పెట్టుకునే. "నీళ్లు వాలును బట్టి పోతాయి. నీ ఇల్లు పల్లంలో ఉంది. పునాది రెండడుగులు ఎత్తు లేపి కట్టుకోని ఉండాల్సింది."

"మా మామ కట్టిన ఇల్లు అరవై ఏండ్ల నుంచి ఆడే ఉండాది. నీళ్లే కొత్తగా వచ్చినాయి."

రుద్రప్ప దానికి జవాబు చెప్పాడు. ఆమె దానికి జవాబు చెప్పింది. రుద్రప్ప భూమి వాలు గురించి చెప్పాడు. ఆమె రుద్రప్ప వాలకం గురించి చెప్పింది. ఆమె మాట తీరు చూస్తే ఇంకో గంటకైనా తెమిలేలా లేదు.

పంచలోంచి తాత గొంతు వినిపించింది. "నీళ్లు యాడికి పంపినావు రుద్రప్పా?"

"బయటికి తాతా."

"బయట అంటే ఎవరిల్లు?"

రుద్రప్ప నోరు తెరిచాడు. దేనికైనా ఆయన దగ్గర జవాబు ఉంటుంది. దీనికి మాత్రం, "బయటంటే... బయటే," అని వచ్చింది.

తాత సూదిని బొంతలో గుచ్చాడు. బొంత మడిచాడు. చాప చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మూలనున్న నల్ల గొడుగు తీసుకున్నాడు.

"అమ్మా సుంకమ్మా, మీ వాకిట్లో రోంత చోటుంటాదా?"

"బురదే తాతా. కానీ ఉంటాది. ఎందుకు?"

"నా మిద్దె నీళ్లు నీ ఇంట్లో ఉంటే, నేనీడ ఏం చేస్తా?"

ఆ ముసలాయన గొడుగున్నా తడుస్తూ సందు దాటి, సుంకమ్మ వాకిట్లో చూరు కింద అరుగు మీద చాప పరుచుకుని బొంత విప్పాడు. అన్నం వేళకు వస్తాడులే అనుకున్నాడు రుద్రప్ప. రాలేదు. సుంకమ్మే సంగటి పెట్టింది.

మర్నాడు కొనాపురం నుంచి ఒక పెద్దావిడ వచ్చి పంచలో కూర్చుంది. కోడలితో మాట పడడం లేదట. తాత లేడు కదా అని రుద్రప్ప తనే చాలాసేపు ఓర్పు గురించి చెప్పాడు. ఆవిడ ఓర్పుగా విని, "బాగానే ఉంది గానీ, తాత యాడికి పోయినాడు నాయనా?" అంది.

"మిద్దె నీళ్లతో పాటు పోయినాడు," అన్నాడు సందులో పోతున్నవాడెవడో. ఆవిడ లేచి సందు దాటింది.

పొడిగా ఉన్న ఇంట్లో రుద్రప్ప ఒక్కడే మిగిలాడు. చుక్క లేదు, చప్పుడు లేదు. అయినా కళ్లు మూస్తే ఏమీ కుదరలేదు.

లోపం ఎక్కడుందో ఆయనకు వెంటనే తెలిసింది. కాలువ పొడవు చాల్లేదు. అంతే. ఇంకో పధ్నాలుగు అడుగుల రేకు అతికించి, సందు పొడవునా నడిపించి, సుంకమ్మ ఇల్లు దాటించి వీధి మలుపులో వదిలాడు. సాయంత్రానికల్లా సుంకమ్మ వాకిట్లోకి వెళ్లి చెప్పాడు.

"తాతా, ఇంక ఈడికి ఒక్క చుక్క రాదు. ఇంటికి పోదాం రా."

"వాన రానీ," అన్నాడు తాత.

మూడో రోజు పొద్దున్నే వానొచ్చింది. సుంకమ్మ వాకిట్లోకి నిజంగానే ఒక్క చుక్క కూడా రాలేదు. తాత అది చూసి, సంతోషంగా తల ఊపి, చాప చుట్టుకుని, గొడుగు తీసుకుని వీధి మలుపుకు నడిచాడు.

మలుపులో దస్తగిరి టీ అంగడి ఉంది. రుద్రప్ప చెక్క బల్లల మీద కూర్చుని రోజూ టీ తాగే అంగడే. రేకులోంచి దూకిన నీళ్లు నేరుగా పందిట్లోకి పోయి, పొయ్యి కింద దూరి, మండుతున్న బొగ్గులను బుస్సుమని ఆర్పేశాయి. టీ తాగుతున్నవాళ్లు కాళ్లు పైకి లాక్కున్నారు. తాత వెళ్లి వాళ్ల మధ్య తనూ కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వొచ్చినావు, సంతోషం తాతా," అన్నాడు దస్తగిరి. "ఈ నీళ్లెందుకు వచ్చినాయి?"

"మేమిద్దరం ఒకే ఇంటోళ్లం," అన్నాడు తాత.

రుద్రప్ప పరుగున వచ్చేసరికి దస్తగిరి ఖాళీ గిన్నెతో నీళ్లు బయటికి ఎత్తిపోస్తున్నాడు. తలెత్తి చూశాడు.

"ఓవర్సీరు సార్, టీలో నీళ్లు నేను కలుపుతా. మీరు కలపద్దండి."

పందిట్లో ఉన్న పదిమందీ నవ్వారు. ముప్పై ఏళ్ల సర్వీసులో రుద్రప్పను చూసి ఇంతమంది ఒకేసారి నవ్వింది లేదు. ముఖం ఎర్రబడింది. ఇంటికి పోయి టేపు తీసుకుని ఊరు కొలవడం మొదలుపెట్టాడు.

రెండు రోజులు కొలిచాడు. ఇళ్లు, దొడ్లు, కల్లాలు, దారులు, పశువుల పాకలు. ఎటు చూసినా ఎవరో ఒకరు ఉన్నారు. ఇంత చిన్న ఊళ్లో ఇంతమంది ఎందుకున్నారని ఆయనకు విసుగొచ్చింది. చివరికి చోటు దొరికింది. ఇంటికి వెనక, ఉత్తరాన, రాళ్లు తేలిన బీడు. ఇల్లు లేదు, చేను లేదు, కాలిబాట కూడా లేదు. పాత రేకులన్నీ విప్పి, కాలువను వెనక్కి తిప్పి, బీడు అంచున ఒక చదును బండ మీదికి వదిలాడు.

తాత ఇంకా టీ అంగడిలోనే ఉన్నాడు. రెండుసార్లు తడిసినందుకు దగ్గు పట్టింది. సుంకమ్మ మిరియాల కషాయం కాచి తెచ్చి, గ్లాసు చేతికిస్తూ రుద్రప్పను చూసింది. ఆ చూపులో కషాయం కంటే ఘాటు ఎక్కువగా ఉంది.

"ఈసారి ఎవరికీ బాధ లేదు తాతా," అన్నాడు రుద్రప్ప అందరికీ వినపడేలా. "ఆడ ఎవ్వరూ లేరు. పురుగు కూడా లేదు. వానొచ్చినా నువ్వు లెయ్యాల్సిన పని లేదు."

"ఎవ్వరూ లేరా?"

"ఎవ్వరూ లేరు."

"అయ్యో," అన్నాడు తాత. ఎందుకన్నాడో రుద్రప్పకు అర్థం కాలేదు.

ఆ రోజే సాయంత్రం అయిదింటికి పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ముందు గాలి, ఆ వెంటే వాన. రుద్రప్ప మిద్దె కింద నిలబడి విన్నాడు. నీళ్లు మూలకు చేరి వెనక్కి తిరిగి బీడు వైపు పరుగెత్తుతున్నాయి. ఏ పక్కనుంచీ కేక లేదు. తాతను ఇంటికి తీసుకురావడానికి తలగుడ్డ మీద గోనెసంచి కప్పుకుని టీ అంగడికి పోయాడు.

తాత లేడు. బల్ల మీద బొంత ఉంది, చాప ఉంది. గొడుగు లేదు.

సుంకమ్మ ఇంటికి పోయాడు. అక్కడా లేడు.

"నన్నడుగుతావేంది?" అంది సుంకమ్మ. "నీ కాలువ యాడికి తిప్పినావో ఆడ చూడు."

రుద్రప్ప వెనక్కి తిరిగాడు. సందులోంచి, ఇంటి వెనగ్గా, రాళ్ల మీద జారుకుంటూ, లేస్తూ, పరుగెత్తాడు. బీడు అంచున, రేకు కాలువ నోటికి సరిగ్గా కింద, చదును బండ మీద తాత కూర్చుని ఉన్నాడు. మిద్దె మీది నీళ్లన్నీ ఒకే ధారగా ఆ గొడుగు మీద పడుతున్నాయి. గొడుగు ఎప్పుడో తిరగబడింది. దాని ఊచలు ఆకాశానికేసి చూస్తున్నాయి. కర్ర మాత్రం తాత మర్యాదగా పట్టుకునే ఉన్నాడు.

"తాతా! ఈడెవ్వరూ లేరని చెప్పినా కదా!"

"లేరన్నావనే వచ్చినా నాయనా." దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా ఆగాడు. "నీళ్లకు తోడుగా ఒకరన్నా ఉండాల కదా."

"జ్వరమొస్తాది తాతా! లెయ్!"

"నీళ్లు ఆగినాక లేస్తాలే."

రుద్రప్ప చెయ్యి పట్టుకుని లాగాడు. ముసలాయన బొంత దారం కంటే బరువుండడు, కానీ బండలో భాగమైనట్టు కదల్లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. భుజాలు వణుకుతున్నాయి. రుద్రప్ప ఆకాశం వంక చూశాడు. ముప్పై ఏళ్లు ఆయన ఎన్నో తూములు మూయించాడు. ఆ పైనున్నదానికి తలుపు లేదు. అప్పుడు మిద్దె వంక చూశాడు.

పరుగెత్తి నిచ్చెన ఎక్కాడు. నైరుతి మూలకు పోయి తలగుడ్డ విప్పి, ముద్ద చేసి, రేకు మొదట్లో కుక్కాడు. ధార ఆగింది. కానీ వాన ఆగలేదు. నీళ్లు మూలలో నిలిచాయి. కాలి వేళ్లు మునిగాయి, మడమలు మునిగాయి, చీలమండ మునిగింది. కింద ఎక్కడో దూలం కిర్రుమంది. మట్టి మిద్దె మీద నీళ్లు నిలిస్తే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మిద్దె కూలుతుంది. తలగుడ్డ తీస్తే నీళ్లు తాత మీదికి పోతాయి.

తను వదిలేసి పోయిన పార మిద్దె మీదే ఉంది. దాన్ని తీసుకుని తూర్పు దోనె దగ్గరికి పోయి సిమెంటు మీద కొట్టాడు. పగల్లేదు. మళ్లీ కొట్టాడు. మంచి సిమెంటు. పాళ్లు తప్పకుండా తనే కలిపాడు, తనే మెత్తాడు, మూడు రోజులు తనే తడిపాడు. జన్మలో మొదటిసారి తన పనితనాన్ని తనే తిట్టుకున్నాడు.

ఆరో దెబ్బకు పెళ్ల ఊడింది. అయినా నీళ్లు పోలేదు. మోకాళ్ల మీద కూలబడి దోనెలోకి చెయ్యి దూర్చాడు. మెత్తగా ఏదో తగిలింది. లాగాడు. కుళ్లిన వేపాకు, పాత పిచ్చుక గూడు, తాత బొంతల్లోంచి ఎగిరొచ్చిన ఎర్ర దారం పోగులు. అన్నీ కలిసి రెండు గుప్పిళ్లు. అది ఊడిరాగానే నీళ్లు గుడగుడమంటూ దోనెలో దూరి కరివేపచెట్టు మొదట్లోకి దూకాయి.

రుద్రప్ప ఆ రెండు గుప్పిళ్ల చెత్త వంక చూస్తూ వానలో ఉండిపోయాడు.

"ఓవర్సీరు సామీ! ఆడ ఏం చేస్తా ఉండావు? పడి చస్తావు!" సుంకమ్మ కింద నిలబడి నిచ్చెన పట్టుకుని అరుస్తోంది.

ఆయన ఈసారి ఆ కేక విన్నాడు. "ఇంకా మూడున్నాయి!" అని అరిచాడు.

పడమటిది కొట్టాడు. ఉత్తరానిది కొట్టాడు. దక్షిణానిది కొట్టాడు. ప్రతిదానిలోనూ చెయ్యి పెట్టి చెత్త తీశాడు. రసమట్టం పెట్టి తీసిన వాలును పారతో అడ్డదిడ్డంగా గీకి, నీళ్లకు నాలుగు పక్కలా దారి ఇచ్చాడు. గోళ్లు చిట్లాయి. అప్పుడు మిద్దె అంచున నిలబడి కిందికి చూశాడు.

నాలుగు వైపులా నాలుగు ధారలు పడుతున్నాయి. ఒక్కొక్కటి మణికట్టు కంటే లావు లేదు. కరివేపచెట్టు తన వాటా తాగుతోంది. తొట్టి నిండుతోంది. గోంగూర మడి నల్లబడింది. సందులో పడిన నీళ్లు రాళ్ల మధ్య కొంత ఇంకి, కొంత నిదానంగా నడిచి, సుంకమ్మ గడప చేరకముందే పలచబడి పోయాయి. ఎవరికీ బరువు కాలేదు.

బీడు మీద రేకు కాలువ నాలుగు చుక్కలు రాల్చి ఊరుకుంది. తాత లేచాడు. తిరగబడిన గొడుగును సరిచేయాలని చూసి, కుదరక, అలాగే చంకలో పెట్టుకుని మెల్లగా ఇంటికి నడిచాడు. పంచలో సుంకమ్మ ఆయనకు పొడి బొంత కప్పి, కషాయం వేడి చేయడానికి లోపలికి పోయింది.

రుద్రప్ప నిచ్చెన దిగి వచ్చాడు. నెత్తి నుంచి పాదాల దాకా చవుడు మట్టే. కళ్లు రెండే తెల్లగా ఉన్నాయి. తాత ఎదురుగా కూలబడ్డాడు.

"తాతా, ఆ మాట మొదటిరోజే చెప్పుంటే..."

"దోనెలు తోడమని చెప్పినా కదప్పా."

"అది కాదు తాతా. నాలుగెందుకు పెట్టినారో, అది."

"అది నువ్వు అడగలేదు," అన్నాడు తాత. బొంత మెడదాకా లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

జ్వరం రాలేదు. తెల్లారేసరికి దగ్గు కూడా సగం తగ్గింది.

ఉరుసుకు ఇంక మూడు రోజులే ఉంది. పొద్దున్నే సుంకమ్మ వాకిట్లో కొత్త మట్టి కుప్ప పోసుకుని, ఊక కలుపుకుంటోంది. ఒక నీడ వచ్చి మట్టి మీద పడింది. తలెత్తి చూస్తే తిప్పేరుద్రప్ప. పంచె మోకాళ్లపైకి ఎగ్గట్టుకుని ఉన్నాడు.

"ముప్పైఒక్కటి," అన్నాడు. "మూడు రోజుల్లో నీ ఒక్క చేత్తో కావు. తొక్కేది నేను తొక్కుతా."

సుంకమ్మ ఆయన కాళ్ల వంక చూసింది. సన్నటి, తెల్లటి, ముప్పై ఏళ్లు బూట్లలో ఉన్న కాళ్లు. నవ్వు ఆపుకుంది. పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆయన మట్టిలో దిగాడు. తొక్కాడు. జారి పడ్డాడు. లేచి మళ్లీ తొక్కాడు. మలుపులో దస్తగిరి అంగడి నుంచి నలుగురు టీ గ్లాసులతో వచ్చి గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్నారు.

"సార్, ఆ మట్టికి వాలు చూసినారా?" అని అడిగాడు ఒకడు.

రుద్రప్ప వాడి వైపు చూడలేదు. మట్టి గట్టిపడి కాలికి అంటుకుంటోంది. నీళ్లు కావాలి. కుండ ఎత్తి మట్టి మీదికి వంచబోయాడు. ఏ మట్టికి ఎన్ని పాళ్లు నీళ్లు పట్టాలో ఆయనకు లెక్క తెలుసు. ఆ లెక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కుండ అలాగే గాల్లో ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు. "నీళ్లెంత పొయ్యమంటావు?"

గోడ మీద మోచేతులు పెట్టినవాళ్లు నవ్వడం మరిచిపోయారు. సందుకు అవతల పంచలో సూది ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

సుంకమ్మ ఆయన వంకా, కుండ వంకా చూసింది.

"నన్నెందుకడుగుతావు?" అంది. "మట్టినడుగు."

రుద్రప్ప కుండ కింద పెట్టాడు. గొంతుక్కూర్చున్నాడు. మట్టిలోకి చెయ్యి పోనిచ్చి, మెల్లగా పిసుకుతూ, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.